బేస్ ఒక ఊళ్లో, ఇల్లు మరో ఊళ్లో: విమాన సిబ్బంది ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారు?

మీ అమ్మాయి అమెరికాలో ఒక ప్రాంతీయ విమానయాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేరిందని, ఆమెకు న్యూయార్క్ బేస్ కేటాయించారని, కాపురం మాత్రం విమానంలో మూడు గంటల దూరంలో ఉన్న వేరే నగరంలో ఉందని రాశారు. డ్యూటీకి ముందు రోజు రాత్రీ, డ్యూటీ ఆలస్యంగా ముగిసిన రాత్రీ ఆమె ఎక్కడ ఉంటుంది, సంస్థ హోటల్ ఇస్తుందా, ఆమె చెప్పే ‘క్రాష్ ప్యాడ్’ (సిబ్బంది కలిసి పంచుకునే అద్దె ఇల్లు) ఆడపిల్ల ఉండదగిన చోటేనా, మీరే అక్కడ ఒక చిన్న ఫ్లాట్ అద్దెకు తీసిపెట్టడం మంచిదా అని అడిగారు. నేను పదహారు సంవత్సరాలు బేస్‌కు దూరంగా కాపురం ఉంటూ విమానాలు నడిపాను. అందులో మొదటి ఆరేళ్లు క్రాష్ ప్యాడ్‌లలోనే గడిచాయి. అందువల్ల మీ ప్రశ్నలన్నిటికీ కొంత వివరంగానే జవాబు చెబుతాను.

ముందుగా హోటల్ సంగతి. సాధారణంగా సంస్థ ఇవ్వదు. ట్రిప్ (వరుసగా కొన్ని రోజులు సాగే విమాన డ్యూటీ) మధ్యలో వేరే ఊళ్లో ఆగవలసి వచ్చిన ప్రతి రాత్రికీ గది, విమానాశ్రయం నుంచి గదికి వాహనం, భోజన భత్యం సంస్థే చూసుకుంటుంది. కానీ ట్రిప్ ఏ ఊళ్లో మొదలై ఏ ఊళ్లో ముగుస్తుందో ఆ ఊరు బేస్. ఆమె కాపురం ఎక్కడున్నా, లెక్క ప్రకారం ఆమె బేస్‌లోనే నివసిస్తున్నట్లు. ఐరోపా విమాన భద్రతా సంస్థ నియమాలలో బేస్ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఈ విషయం ఉంది: సిబ్బంది మామూలుగా డ్యూటీ మొదలుపెట్టి ముగించే చోటు, సాధారణ పరిస్థితులలో వారి వసతికి సంస్థ బాధ్యత వహించనవసరం లేని చోటు అని అందులో రాశారు. అమెరికాలో ఇదే అవగాహన పైలట్ల సంఘాలు సంస్థలతో కుదుర్చుకునే ఒప్పందాలలో కనిపిస్తుంది. అయితే అక్కడ ఒక మినహాయింపు ఉంది. కొన్ని ప్రాంతీయ సంస్థలు కొత్త పైలట్లను ఆకర్షించడానికి, దూరం నుంచి వచ్చేవారికి నెలకు ఇన్ని రాత్రులని బేస్‌లో హోటల్ గదులు ఇస్తామని ఒప్పందంలోనే రాశాయి. కాబట్టి మీ అమ్మాయి వసతి వెతుక్కోవడానికి ముందు తన ఒప్పందంలో ఆ అధ్యాయాన్ని స్వయంగా చదవాలి. ఆ సౌకర్యం ఉన్నదని తెలియక ఏడాది పొడవునా చేతి డబ్బు పెట్టుకున్నవారితో నేను కలిసి పనిచేశాను.

ఇంత దూరం నుంచి ఎందుకు రావాలని మీకు సందేహం కలగవచ్చు. ఈ వృత్తిలో అన్నీ సీనియారిటీ మీదే నడుస్తాయి. ఏ బేస్, ఏ విమానం, ఏ ట్రిప్, ఏ సెలవు అన్నది చేరిన తేదీని బట్టి వస్తుంది. సీనియర్లు వద్దనుకున్న బేస్ కొత్తవారికి మిగులుతుంది. జీవన వ్యయం ఎక్కువైన న్యూయార్క్ వంటి చోట్లు అలా కొత్తవారి పాలిట పడడం మామూలే. ఆపైన సంస్థ ఒక బేస్‌ను మూసివేయవచ్చు, పెద్ద విమానానికి మారితే బేస్ మారవచ్చు. ప్రతిసారీ కాపురాన్ని, జీవిత భాగస్వామి ఉద్యోగాన్ని, పిల్లల చదువును వెంట తీసుకుపోవడం ఎవరికీ సాధ్యం కాదు. సిబ్బందికి ఖాళీ సీట్లలో, లేదా పైలట్లైతే కాక్‌పిట్‌లో అదనంగా ఉండే జంప్ సీట్‌లో ఉచితంగానో దాదాపు ఉచితంగానో ప్రయాణించే వీలు ఉంది గనుక ఇంటిని కదల్చకుండా తామే తిరుగుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎక్కడ పడుకోవాలి అని అడగడానికి ముందు నెలకు ఎన్ని రాత్రులు పడుకోవలసి వస్తుంది అని లెక్క వేయాలి. ఈ లెక్క వేయకుండా మంచం అద్దెకు తీసుకున్నవారు కొందరు డబ్బు పోగొట్టుకుంటారు, అంతకంటే ఎక్కువమంది నిద్ర పోగొట్టుకుంటారు.

సొంత రోస్టర్, అంటే నెల డ్యూటీల పట్టిక, చేతికి వచ్చిన పైలట్‌కు నెలలో నాలుగు ట్రిప్పులు ఉన్నాయనుకుందాం. మొదటి రోజు రిపోర్టింగ్ మధ్యాహ్నం రెండు గంటలకైతే ఉదయం ఇంటి నుంచి బయలుదేరి చేరుకోవచ్చు. అదే తెల్లవారుజామున ఐదున్నరకైతే ముందు రోజు సాయంత్రమే రావాలి. అలాగే చివరి రోజు విమానం సాయంత్రం నాలుగింటికి దిగితే ఇంటికి వెళ్లే విమానం దొరుకుతుంది, రాత్రి పదకొండుకు దిగితే దొరకదు. ఆలస్యంగా మొదలై తొందరగా ముగిసే ట్రిప్పులను సిబ్బంది ‘కమ్యూటబుల్’ ట్రిప్పులు అంటారు. దూరం నుంచి వచ్చేవారందరూ వాటినే కోరుతూ బిడ్ చేస్తారు గనుక అవి సీనియర్లకే వెళ్తాయి. కొత్తవారికి రెండు వైపులా కలిపి నెలకు నాలుగు నుంచి ఎనిమిది రాత్రులు బేస్‌లో గడుస్తాయని అనుకోవడం సబబు.

మీ అమ్మాయి పరిస్థితి ఇంకా కఠినం, ఎందుకంటే మొదటి నెలలలో ఆమెకు రోస్టర్ ఉండదు, రిజర్వ్‌లో ఉంటుంది. ఎవరైనా జబ్బుపడితేనో, ఆలస్యంలో చిక్కుకుంటేనో వారి స్థానంలో వెళ్లడానికి ఫోన్ దగ్గర సిద్ధంగా ఉండడమే రిజర్వ్. ఇందులో రెండు రకాలున్నాయి. లాంగ్ కాల్ రిజర్వ్‌లో పది పన్నెండు గంటలో, అంతకంటే ఎక్కువో ముందుగా చెబుతారు గనుక చాలాసార్లు ఇంట్లోనే ఉండవచ్చు. షార్ట్ కాల్ రిజర్వ్‌లో పిలిచిన రెండు మూడు గంటలలో విమానాశ్రయంలో ఉండాలి. అంటే ఆ రోజులన్నీ బేస్‌లోనే, పిలుపు వచ్చినా రాకపోయినా. అమెరికా నియమాల ప్రకారం షార్ట్ కాల్‌లో ఒక విడతకు 14 గంటలకు మించి అందుబాటులో ఉంచకూడదు. అయినా ఆ విడత ముగిశాక ఇంటికి వెళ్లి మర్నాటికి తిరిగి రావడం మూడు గంటల విమాన దూరంలో కుదిరే పని కాదు. నెలలో పద్దెనిమిది రోజుల వరకు రిజర్వ్ ఉంటే, ట్రిప్పులకు వెళ్లిన రాత్రులు తీసేసినా పది రాత్రుల పైన బేస్‌లోనే పడతాయి. ఇన్ని రాత్రులకు హోటల్ అంటే కొత్త ఫస్ట్ ఆఫీసర్ జీతానికి చాలా బరువు. క్రాష్ ప్యాడ్ పుట్టింది ఈ అవసరం లోంచే.

క్రాష్ ప్యాడ్ అంటే విమానాశ్రయానికి దగ్గరలో పలువురు సిబ్బంది కలిసి అద్దెకు పంచుకునే ఇల్లు లేదా అపార్ట్‌మెంట్. గదికి రెండు మూడు బంకు మంచాలు, ఒక వంటగది, ఒకటో రెండో స్నానాల గదులు ఉంటాయి. పేరు వినగానే మీకు భయం వేసి ఉండవచ్చు, కానీ అలసిపోయి వచ్చి పడిపోయే చోటు అనేదే ఆ మాటకు అర్థం. న్యూయార్క్‌లో ఇవి ఎంత పాతుకుపోయాయంటే, క్వీన్స్ ప్రాంతంలోని క్యూ గార్డెన్స్‌ను సిబ్బంది దశాబ్దాలుగా ‘క్రూ గార్డెన్స్’ అని పిలుచుకుంటున్నారు. ఆ పేట కెనెడీ విమానాశ్రయానికీ లగార్డియాకూ మధ్యలో ఉంటుంది, కెనెడీకి క్యూ10 బస్సు, నగరంలోకి సబ్‌వే రైలు అక్కడి నుంచే ఉన్నాయి. సొంత కారు లేని సిబ్బందికి ఇంతకంటే అనువైన చోటు అక్కడ తక్కువ.

ఇక్కడ ఒక విషయం మీ అమ్మాయిని తప్పనిసరిగా అడగండి. న్యూయార్క్ బేస్ అన్నప్పుడు కొన్ని సంస్థలు కెనెడీ, లగార్డియా, నూవార్క్ విమానాశ్రయాలను కలిపి ఒకే బేస్‌గా లెక్కిస్తాయి. నూవార్క్ హడ్సన్ నదికి అవతల, మరో రాష్ట్రంలో ఉంది. లగార్డియాకు దగ్గరని మంచం తీసుకున్న పైలట్‌కు తెల్లవారుజామున నూవార్క్ రిపోర్టింగ్ పడితే, ఆ రెండింటి మధ్య చేరుకునే బాధ్యత చాలావరకు తనదే. ఆమె సంస్థ ఏ విమానాశ్రయం నుంచి ఎక్కువ విమానాలు నడుపుతుందో చూసుకున్న తరువాతే పేటను ఎంచుకోవాలి.

క్రాష్ ప్యాడ్‌లో మంచాలు రెండు రకాలు. ‘కోల్డ్ బెడ్’ అంటే ఆ మంచం నెలంతా మీదే, మీరు లేనప్పుడు ఖాళీగా ఉంటుంది, మీ దుప్పటి మీరు పరిచినట్లే ఉంటుంది. ‘హాట్ బెడ్’ అంటే వచ్చినప్పుడు ఏది ఖాళీగా ఉంటే అందులో పడుకోవడం. మీ దుప్పట్లు, దిండు గలేబు ఒక పెట్టెలో పెట్టుకొని, వచ్చినప్పుడు పరచుకొని, వెళ్లేటప్పుడు తీసేయాలి. హాట్ బెడ్ అద్దె తక్కువ, ఎందుకంటే ఎనిమిది మంచాలకు పదహారు, ఒక్కొక్కచోట ఇరవై మంది సభ్యులుంటారు. వినడానికి దారుణంగా ఉన్నా, అందరూ ఎక్కడెక్కడో ఎగురుతుంటారు గనుక మామూలు రాత్రిలో అయిదారుగురికి మించి ఉండరు. లెక్క తప్పేది మంచు తుపాను రాత్రి. విమానాలన్నీ రద్దయి, ఇంటికి పోలేక, ట్రిప్పు కదలక సభ్యులందరూ ఒకేసారి వచ్చిపడతారు. అటువంటి ఒక రాత్రి నేను సోఫాలో కూడా చోటు దొరకక, వంటగదిలో నేలమీద పడుకున్నాను. మర్నాడు ఉదయం విమానం నడపడానికి నేను తగిన స్థితిలో లేనని, డ్యూటీలు కేటాయించే షెడ్యూలింగ్ వారికి ఫోన్ చేసి చెప్పవలసి వచ్చింది. ఆ నెల నుంచే కోల్డ్ బెడ్‌కు మారాను. రిజర్వ్‌లో ఉన్నవారెవరైనా సరే, ఎంత పొదుపు చేయాలనుకున్నా, కోల్డ్ బెడ్డే తీసుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. రాత్రి పదింటికి తలుపు తీసినప్పుడు మంచం ఉంటుందా అన్న ఆలోచన కూడా నిద్రను కొంత తినేస్తుంది.

మంచి ప్యాడ్‌కూ చెడ్డ ప్యాడ్‌కూ తేడా ఇంటి అందంలో ఉండదు, దాన్ని నడిపే మనిషిలో ఉంటుంది. తానూ సిబ్బందిలో ఒకరై ఉండి, నియమాలు రాసిపెట్టి, వాటిని పాటింపజేసేవారు నడిపే ఇల్లు బాగుంటుంది. పడకగదుల్లో ఇరవై నాలుగు గంటలూ నిశ్శబ్దం ఉండాలి, ఎందుకంటే ఒకరికి అది అర్ధరాత్రి అయితే మరొకరికి అప్పుడే తెల్లవారింది. ఫోన్ మాటలు, పెట్టె సర్దుకోవడం, జుట్టు ఆరబెట్టుకోవడం అన్నీ హాల్లోనే జరగాలి. పడకగదిలో పెద్ద దీపం వేయకుండా ప్రతి మంచానికీ చిన్న దీపం, తెర ఉండాలి. పగలు పడుకునేవారి కోసం కిటికీలకు వెలుగు చొరనివ్వని మందపాటి తెరలు ఉండాలి. ఇవి సౌకర్యాలుగా కాక, నిద్రకు కావలసిన కనీస ఏర్పాట్లుగా చూడాలి.

భద్రత విషయంలో నేను ఇంకా కచ్చితంగా ఉంటాను. పొగను, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారాలు పనిచేస్తున్నాయో లేదో బటన్ నొక్కి చూడాలి. పడకగదికి తలుపు కాక, మనిషి పట్టేంత కిటికీ వంటి రెండో దారి ఉందా చూడాలి. కిటికీ సరిగా లేని నేలమాళిగలో మంచం ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు. ఒక ఇంట్లో బంధుత్వం లేనివారు ఎంతమంది ఉండవచ్చన్న దానిపై చాలా ఊళ్లలో పురపాలక నియమాలున్నాయి. వాటిని మీరిన ప్యాడ్‌పై ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేస్తే తనిఖీ జరిగి, ఉన్నట్లుండి ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు. ఇంటి యజమానికి తెలిసే ఇది నడుస్తున్నదా అని నిర్మొహమాటంగా అడగాలి. నల్లుల సంగతి కూడా అడగాలి. దేశమంతా తిరిగే పెట్టెలు ఒకే గదిలో చేరే చోట అది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు.

ఆడపిల్ల ఉండదగిన చోటేనా అన్న మీ ప్రశ్నకు జవాబు: ఆడవారికి మాత్రమే పరిమితమైన ప్యాడ్‌లు ఉన్నాయి, కలిసి ఉండేవాటిలో ఆడవారికి వేరే పడకగది, వేరే స్నానాల గది ఉన్నవీ ఉన్నాయి. సభ్యులందరూ విమాన సిబ్బందే అయి ఉండాలని, సంస్థ గుర్తింపు కార్డు చూశాకే చేర్చుకుంటామని నియమం పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. తాళం సంఖ్యలతో తెరిచేదై, ఒక సభ్యుడు మానేసిన ప్రతిసారీ ఆ సంఖ్య మారుస్తారా అని ఆమె అడగాలి. అర్ధరాత్రి బస్సు దిగాక ఆ ఇంటికి నడిచే దారి ఎలా ఉంటుందో ఒకసారి చీకటి పడ్డాక స్వయంగా వెళ్లి చూడాలి. పగటిపూట ఫొటోలు చూసి అడ్వాన్సు కట్టవద్దని చెప్పండి. సరైన ప్యాడ్‌లు విమానాశ్రయంలోని క్రూ రూమ్ (సిబ్బంది గది) నోటీసు బోర్డు మీదా, అదే బేస్‌లో పనిచేసే తోటివారి నోటా దొరుకుతాయి. శిక్షణలో తనతో ఉన్నవారికంటే, ఆ బేస్‌లో రెండేళ్లుగా ఉన్న ఒక క్యాబిన్ సిబ్బందిని అడిగితే మేలు. ఏ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. విమానంలోకి ప్రయాణికులు ఎక్కే సమయానికి చాలా సంస్థలలో క్యాబిన్ సిబ్బందికి పూర్తి జీతం లెక్క మొదలుకాదు, తొలి సంవత్సరాలలో వారి ఆదాయం పైలట్లకంటే బాగా తక్కువ. అందుచేత కిక్కిరిసిన ప్యాడ్‌లలో ఎక్కువగా ఉండేది వారే, వాటి మంచిచెడులు బాగా తెలిసేదీ వారికే.

హోటల్ గురించి క్లుప్తంగా చెబుతాను. నెలకు మూడు నాలుగు రాత్రులకు మించి అవసరం లేని సీనియర్లకు హోటలే మేలు. విమానాశ్రయం దగ్గరి హోటళ్లు చాలావరకు సిబ్బందికి తగ్గింపు ధర ఇస్తాయి, ఉచిత వాహనం నడుపుతాయి. రాబోయే విమానంలో సీటు దొరుకుతుందో లేదో తెలియదు గనుక సాయంత్రం వరకు ఉచితంగా రద్దు చేసుకోగలిగిన గదినే బుక్ చేయాలి. కొన్ని హోటళ్లు కొన్ని గదుల్లో బంకు మంచాలు వేసి నెలసరి లెక్కన సిబ్బందికి ఇస్తున్నాయి. పొగ అలారాలు, రాత్రంతా ఉండే కాపలా, దుప్పట్లు మార్చే మనుషులు ఉండడం వల్ల, కాస్త ఎక్కువైనా, కొత్తవారికి ఇవి మంచి ఎంపిక అని నేను అనుకుంటాను.

ఇంకా అసాధారణమైన ఏర్పాట్లు కూడా ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఉద్యోగుల పార్కింగ్ స్థలంలో పైలట్లు, మెకానిక్‌లు, ఇతర సిబ్బంది మోటార్ హోమ్‌లు నిలుపుకొని అందులోనే పడుకుంటున్న సంగతి 2009లో పత్రికలకెక్కింది. అప్పటికే అక్కడ ఒక చిన్న కాలనీ ఏర్పడింది, విమానాశ్రయం వారు నెలకు కొంత రుసుము తీసుకొని అనుమతించారు. రన్‌వేల పక్కన, విమానాల హోరులో పగలు నిద్రపోవడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. అయినా సొంత తలుపు, సొంత మంచం ఉండడం కోసం వారు దాన్ని భరించారు.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట క్రూ రూమ్ గురించి. ప్రతి బేస్‌లోనూ సిబ్బంది కోసం ఒక గది ఉంటుంది, అందులో వాలుకుర్చీలు, కొన్నిచోట్ల చీకటిగా ఉంచిన విశ్రాంతి గది కూడా ఉంటాయి. రెండు విమానాల మధ్య గంటసేపు కళ్లు మూసుకోవడానికి అవి పనికొస్తాయి. రాత్రి నిద్రకు పనికిరావు. దీపాలు, తలుపుల చప్పుడు, రాకపోకలు తెల్లవార్లూ ఉంటాయి. చాలా సంస్థలు అక్కడ రాత్రి బస చేయడాన్ని నిషేధించాయి. అయినా నెలాఖరున చేతిలో డబ్బు లేని కొత్త పైలట్‌కు ఆ కుర్చీ ఉచితమన్న ఒక్క ఆలోచన చాలు.

2009 ఫిబ్రవరి 12న నూవార్క్ నుంచి బఫెలోకు వెళ్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానం దిగడానికి కొద్ది నిమిషాల ముందు ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలోని 49 మంది, ఇంట్లో ఒకరు మరణించారు. స్టాల్ (రెక్కలు విమానాన్ని నిలిపే శక్తి కోల్పోవడం) హెచ్చరికకు కెప్టెన్ సరిగా స్పందించకపోవడమే ప్రధాన కారణమని జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. కానీ ఆ దర్యాప్తులో బయటపడిన ఇద్దరు పైలట్ల రాత్రుల వివరాలు మా అందరినీ కలచివేశాయి. కెప్టెన్ కాపురం ఫ్లోరిడాలో, ఫస్ట్ ఆఫీసర్ కాపురం సియాటిల్ ప్రాంతంలో ఉండేవి. ఇద్దరిలో ఎవరికీ నూవార్క్‌లో మంచం లేదు. కెప్టెన్ ముందు రాత్రి క్రూ రూమ్‌లో గడిపారు, తెల్లవారుజామున మూడు దాటాక సంస్థ కంప్యూటర్‌లోకి ఆయన లాగిన్ అయినట్లు రికార్డు ఉంది. ఫస్ట్ ఆఫీసర్ సియాటిల్ నుంచి రాత్రంతా సరుకు విమానాలలో, మెంఫిస్‌లో మారి ప్రయాణించి ఉదయం ఆరున్నర ప్రాంతంలో నూవార్క్ చేరారు, పగలు క్రూ రూమ్‌లోనే ఉన్నారు. విమానం గాలిలోకి లేచింది రాత్రి తొమ్మిది దాటాక. అలసట వారి పనితీరును తగ్గించి ఉండే అవకాశమే ఎక్కువని, అయితే ఎంతమేరకో కచ్చితంగా తేల్చలేమని మండలి రాసింది. ఆ సంస్థకు నూవార్క్‌లో ఉన్న 137 మంది పైలట్లలో 93 మంది దూరం నుంచి వచ్చేవారేనని, వారిలో 29 మంది వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణించి వచ్చేవారని కూడా అదే నివేదికలో ఉంది. ఇంతమంది దూరం నుంచి వస్తున్న బేస్‌లో అలసట ప్రమాదాన్ని ముందుగా పట్టించుకోలేదని మండలి సంస్థను తప్పుపట్టింది.

ఆ ప్రమాదం తరువాత అమెరికాలో డ్యూటీ, విశ్రాంతి నియమాలు మారాయి. 2014 జనవరి 4 నుంచి అమలైన పార్ట్ 117 నియమాల ప్రకారం ప్రయాణికుల విమానాల పైలట్లకు ప్రతి డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఆటంకం లేకుండా నిద్రపోయే అవకాశం ఉండాలి. ప్రతి విమానానికీ ముందు తాను తగిన స్థితిలో ఉన్నానని పైలట్ ధ్రువీకరించాలి. క్యాబిన్ సిబ్బందికి కూడా విశ్రాంతిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచుతూ 2022 అక్టోబర్‌లో తుది నియమం వచ్చింది. కానీ ఇంటి నుంచి బేస్‌కు చేసే ప్రయాణాన్ని ఈ నియమాలు డ్యూటీగా లెక్కించవు. ఉదాహరణకు, ఉదయం పదింటికి రిపోర్ట్ చేసే పైలట్‌తో ఒకటి రెండు విమానాలైతే 14 గంటల వరకు డ్యూటీ చేయించవచ్చు. ఆ పైలట్ బేస్‌లోనే పడుకొని ఎనిమిదింటికి లేచి ఉంటే చివరి విమానం దిగేసరికి మేల్కొని 16 గంటలవుతుంది. అదే మూడు గంటల దూరంలోని ఇంట్లో తెల్లవారుజామున మూడింటికి లేచి తొలి విమానం పట్టుకొని వచ్చి ఉంటే 21 గంటలు. కాగితం మీద ఇద్దరి డ్యూటీ ఒకటే. ఐరోపాలో ఇల్లు బేస్‌కు 90 నిమిషాలకు మించిన దూరంలో ఉంటే దగ్గరలో తాత్కాలిక వసతి చూసుకోవడం గురించి సిబ్బంది ఆలోచించాలని మార్గదర్శకాలలో రాశారు. అది సలహా మాత్రమే అయినా, మీ అమ్మాయి దాన్ని తన సొంత నియమంగా పెట్టుకుంటే మంచిదని నా కోరిక.

కాబట్టి డ్యూటీ ఉదయం పూట అయితే, విమానం దొరుకుతుంది గదా అని అదే రోజు బయలుదేరకుండా ముందు రోజే వచ్చేయాలి. చాలా సంస్థల ఒప్పందాలలో, సీట్లున్నట్లు కనిపించిన రెండు విమానాలకు ప్రయత్నించి కూడా అందుకోలేకపోయిన ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య తీసుకోరాదన్న నిబంధన ఉంటుంది. అది ఆమెను నోటీసు నుంచి కాపాడుతుంది, ఆ ట్రిప్ జీతం మాత్రం చాలాసార్లు పోతుంది. పండుగల వారంలోనూ, వేసవి సెలవుల్లోనూ రెండు విమానాలు కూడా చాలవు.

పన్ను విషయం ఒక్క మాటలో: అమెరికా పన్ను చట్టం దృష్టిలో బేస్ ఉన్న ఊరే ఆమె పని చోటు. అక్కడికి చేరే ఖర్చు, అక్కడ పడుకునే మంచం అద్దె సొంత ఖర్చులే అవుతాయి. ఉద్యోగి చేతి నుంచి పెట్టే ఖర్చులకు 2018 నుంచి కేంద్ర పన్నులో మినహాయింపే తీసేశారు గనుక అద్దె తిరిగి వస్తుందన్న లెక్కతో ఏదీ తీసుకోవద్దు.

చివరగా ఫ్లాట్ గురించి. మొదటి ఏడాది తీసుకోవద్దని నా సలహా. సీనియారిటీ కొంచెం కదలగానే ఆమెకు ఇంటికి దగ్గరైన బేస్ రావచ్చు, లేదా సంస్థే ఆమెను మరో బేస్‌కు పంపవచ్చు. ఏడాది లీజు అప్పుడు మెడకు చుట్టుకుంటుంది. నెల నోటీసుతో మానేయగలిగిన కోల్డ్ బెడ్ ఒకటి చూసుకొని, ఫ్లాట్‌కు పెట్టాలనుకున్న సొమ్ములో కొంత మీరు విడిగా ఉంచండి. తుపాను వచ్చి ప్యాడ్ నిండిపోయిన రాత్రి, పక్క మంచంలో ఎవరో దగ్గుతూ ఉన్న రాత్రి, మర్నాడు తెల్లవారుజామున రిపోర్టింగ్ ఉన్న రాత్రి, ధర చూడకుండా హోటల్ గది తీసుకోవడానికి ఆ డబ్బు వాడుకోమని ఆమెకు ఇప్పుడే చెప్పండి. అడగడానికి మొహమాటపడి క్రూ రూమ్ కుర్చీలో కూర్చునే పిల్లలను నేను చూశాను. ముందే చెప్పి ఉంచితే ఆమె అడగనవసరం ఉండదు.